పైలట్ల వేజ్ బోర్డు: జీతం కన్నా గంటల మీదే అసలు పేచీ

శ్రీరాంపూర్, మందమర్రి, గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు కార్మికుల జీతాలు తేల్చే వేజ్ బోర్డు అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. బొగ్గు బాయిలో పనిచేసేవాళ్ల ఇంట్లో బడికి పోయే పిల్లలకు కూడా ఆ మాట తెలుసు. 11వ వేజ్ బోర్డు ఒప్పందం 2021 జులై 1 నుంచి అమలు కావాలి. సంతకాలు పడింది మాత్రం 2023 మే 20న. దాదాపు 23 నెలల ఆలస్యం. 19 శాతం మినిమం గ్యారంటీ బెనిఫిట్, అంటే ఖాయంగా దక్కే కనీస పెంపు అని తేలేదాకా కోల్‌బెల్ట్‌లో ఎన్నో ఇళ్లలో పెళ్లి ఖర్చు, ప్లాటు కిస్తీ, పిల్లల ఫీజు అన్నీ "ఏరియర్స్ పడ్డంక చూద్దాం" అన్న మాట దగ్గరే ఆగి ఉన్నాయి.

విమానాలు నడిపే పైలట్లకు కూడా కొన్ని దేశాల్లో అచ్చం ఇలాంటి ఏర్పాటే ఉంది. ఇన్నేళ్లకోసారి యాజమాన్యం, సంఘం ఎదురెదురుగా కూర్చుంటాయి. వందల పేజీల ఒప్పందాన్ని పేరా పేరాగా బేరమాడుకుంటాయి. చివర సభ్యులంతా ఓటు వేసి ఆమోదిస్తేనే అది ఒప్పందం అవుతుంది. వార్తల్లో మాత్రం పైలట్లకు ఇన్ని శాతం పెంపు అన్న ఒక్క అంకె కనిపిస్తుంది. చదివినవాళ్లు నెలకు లక్షలు వచ్చేవాళ్లకు ఇంకా ఎందుకీ గొడవ అనుకుంటారు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. కానీ ఆ అంకె వెనక ఉన్న ఒప్పందాన్ని తెరిచి చూస్తే డబ్బు గురించి ఉన్న పేజీలు తక్కువ. ఎక్కువ పేజీలు పైలట్ సమయం ఎవరి చేతిలో ఉండాలన్న దాని గురించే. ఎన్ని గంటలకు డ్యూటీకి రావాలి, ఎంతసేపు పడుకోనివ్వాలి, ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఫోన్ చేస్తే ఎత్తి తీరాలా, విమానం ఆలస్యమైతే ఆ సమయానికి లెక్క ఎవరు కట్టాలి, ఇవన్నీ అందులో ఉంటాయి.

ఆ పేజీలు మన దేశంలో దాదాపు లేవు. 2025 డిసెంబర్ మొదటి వారంలో శంషాబాద్ సహా దేశమంతా ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల గుట్టలు పేరుకుపోవడానికి, ఆ పేజీలు లేకపోవడానికి గట్టి సంబంధం ఉంది.

తలుపు మూసుకున్నాకే మీటర్

ముందు జీతం లెక్క చూద్దాం. చాలా ఎయిర్‌లైన్స్‌లో పైలట్ ఆదాయంలో పెద్ద భాగం గంటల లెక్కన వస్తుంది. ఆ గంటలు డ్యూటీ గంటలు కావు. విమానం ఆగి ఉన్న చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, దిగిన ఊళ్లో మళ్లీ ఆగేదాకా నడిచే గంటలు. వాటిని బ్లాక్ అవర్స్ అంటారు.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగి వచ్చే పైలట్‌ను తీసుకోండి. తెల్లవారి 6 గంటల విమానానికి 5 గంటలకల్లా రిపోర్ట్ చేయాలి. అంటే ఇంట్లో మూడు, మూడున్నరకు లేవాలి. వాతావరణం చూసుకోవడం, ఇంధనం లెక్క, సిబ్బందితో మాట్లాడుకోవడం అన్నీ ఆ గంటలోనే. రెండు గంటల పైచిలుకు ప్రయాణం, ఢిల్లీలో ముప్పావు గంటో గంటో ఆగడం, మళ్లీ అంతే ప్రయాణం. మధ్యాహ్నానికి ఇల్లు చేరేసరికి మొత్తం ఎనిమిది, తొమ్మిది గంటలు కరిగిపోతాయి. లెక్కలోకి వచ్చేది నాలుగున్నర. ఢిల్లీలో పొగమంచు పట్టి మూడు గంటలు టెర్మినల్‌లో కూర్చోవాల్సి వస్తే అలసట పెరుగుతుంది గానీ లెక్క పెరగదు.

ఆర్టీసీ వాళ్లకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. స్టీరింగ్ మీద ఉన్న సమయం వేరు, డ్యూటీ మొదలైనప్పటి నుంచి దిగేదాకా గడిచే సమయం వేరు. బస్సు డ్రైవర్ల కోసం 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చేశారు. రోజుకు 8 గంటల పని, మధ్యలో విరామాలతో కలిపి మొత్తం 12 గంటలు దాటని స్ప్రెడ్ ఓవర్ అని అది గీత గీసింది. ఆచరణలో ఎంత నడిచిందన్నది వేరే చర్చ, గీత అయితే గీశారు.

గంటల లెక్కన జీతం ఇచ్చేచోట అందరికన్నా ముఖ్యమైన అంకె గ్యారంటీ గంటలు. అంటే విమానం ఎక్కినా ఎక్కకపోయినా నెలకు ఇన్ని గంటల జీతం ఖాయం అన్న హామీ. పాత తరం సింగరేణి కోల్ ఫిల్లర్లకు ఇది తెలిసిన సంగతే. వాళ్లకు టబ్బుల లెక్కన, అంటే నింపిన బొగ్గు తొట్ల లెక్కన కూలి. బాయి దిగాక యాజమాన్యం టబ్బులు అందించకపోతే ఫిల్లర్ తప్పేమీ లేదు, కానీ నింపడానికి ఏమీ లేదు. అలాంటి రోజు కోసం ఒప్పందంలో ఫాల్‌బ్యాక్ వేజ్ అని కనీస కూలి రాయించుకున్నారు. పైలట్ల గ్యారంటీ గంటలు ఆ ఫాల్‌బ్యాక్ వేజ్ లాంటివే.

2024 ఏప్రిల్‌లో విస్తారా ఎయిర్‌లైన్స్‌లో జరిగిన గొడవ సరిగ్గా దీని మీదే. ఎయిర్ ఇండియాలో విలీనం కాబోతున్న ఆ కంపెనీ పైలట్లకు కొత్త కాంట్రాక్టు పంపింది. అంతకుముందు 70 గంటలకు ఖాయంగా వచ్చే జీతం కొత్త కాంట్రాక్టులో 40 గంటలకు తగ్గింది. ఆ పైన ఎగిరితే ఎగిరినంతకు డబ్బు. చూడటానికి కష్టపడినవాళ్లకు కష్టపడినంత అన్నట్టు న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ నెల ఎన్ని గంటలు ఎగరాలో నిర్ణయించేది పైలట్ కాదు, రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక తయారుచేసే కంపెనీ. ఇంజిన్ విడిభాగాలు రాక విమానాలు నేల మీద నిలిచిపోయినా, రూటు మూసేసినా, సీజన్ చప్పగా ఉన్నా గంటలు తగ్గుతాయి. 70 నుంచి 40కి దించడం అంటే ఆ నష్టాన్ని కంపెనీ ఖాతాలో నుంచి పైలట్ ఇంటి బడ్జెట్‌లోకి మార్చడం. పైగా ఈ మార్పు మీద ఎదురుగా కూర్చుని మాట్లాడే అవకాశం లేదు. సంతకం పెట్టాలి, లేదంటే విలీనంలో చోటు అనుమానం.

చాలామంది పైలట్లు ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టారు. విమానాలు వరసగా రద్దయ్యాయి. కొన్ని రోజులకు కంపెనీ రోజుకు పాతిక, ముప్పై విమానాల చొప్పున షెడ్యూలే కుదించుకుంది. దీన్ని సమ్మె అని ఎవరూ అనలేదు.

అమెరికాలో నడిచే పద్ధతి

పైలట్ల బేరం ఎలా సాగుతుందో పూర్తిగా చూడాలంటే అమెరికా వైపు చూడాలి. అక్కడ దీనికి వందేళ్ల నాటి చట్టం ఉంది. 1926లో రైల్వేల కోసం చేసిన రైల్వే లేబర్ యాక్ట్‌ను 1936లో విమానయానానికి కూడా వర్తింపజేశారు. దాని ఉద్దేశం ఒక్కటే, రవాణా ఆగకూడదు. అందుకే ఆ చట్టం కింద ఒప్పందానికి గడువు తీరడం అన్నది లేదు. తేదీ వచ్చిందంటే ఒప్పందం సవరణకు తెరుచుకున్నట్టు. కొత్తది కుదిరేదాకా పాత జీతం, పాత నిబంధనలే నడుస్తాయి. యాజమాన్యం ఏకపక్షంగా మార్చకూడదు, సంఘం సమ్మెకు దిగకూడదు.

ముందు ఇద్దరే మాట్లాడుకుంటారు. తెగకపోతే నేషనల్ మీడియేషన్ బోర్డు మధ్యవర్తిగా వస్తుంది. ఈ దశకు కాలపరిమితి లేదు. ఇక కుదిరేలా లేదని బోర్డుకు అనిపించినప్పుడే మధ్యవర్తిత్వ తీర్పుకు ఒప్పుకుంటారా అని ఇద్దరినీ అడుగుతుంది. ఎవరు కాదన్నా 30 రోజుల గడువు మొదలవుతుంది. ఆ 30 రోజులు దాటాకే సమ్మెకు దారి. అప్పుడు కూడా దేశానికి ఇబ్బంది అనుకుంటే అధ్యక్షుడు జోక్యం చేసుకోవచ్చు. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు అర్ధరాత్రి సమ్మె మొదలుపెట్టిన కొద్ది నిమిషాల్లోనే అధ్యక్షుడు క్లింటన్ దాన్ని ఆపించారు. 1998లో నార్త్‌వెస్ట్ పైలట్లు రెండు వారాలు, 2010లో స్పిరిట్ పైలట్లు ఐదు రోజులు సమ్మె చేశారు. అక్కడ పైలట్ల సమ్మె అంత అరుదు.

సమ్మె అరుదు అన్నంత మాత్రాన బేరం బలహీనం అని కాదు. ఆలస్యం వల్ల యాజమాన్యానికి లాభం ఉంటుంది, పాత జీతంతోనే పని జరుగుతుంది కాబట్టి. 11వ వేజ్ బోర్డు 23 నెలలు సాగినప్పుడు బొగ్గు కార్మికులు పడిన టెన్షన్ కూడా అదే. అందుకే అమెరికా సంఘాలు ఏరియర్స్ విషయంలో మొండిగా ఉంటాయి. పాత తేదీ నుంచి లెక్కగట్టి ఇస్తేనే ఆలస్యం చేసే ఆశ తగ్గుతుంది.

2023 మార్చిలో డెల్టా ఎయిర్‌లైన్స్‌లోని సుమారు 15 వేల మంది పైలట్లు ఆమోదించిన ఒప్పందం పెద్ద వార్త అయింది. సంతకం రోజునే 18 శాతం, తర్వాత మూడేళ్లు 5, 4, 4 శాతం చొప్పున, పెంపు మీద పెంపు కలిపి మొత్తం 34 శాతం. ఆ ఏడాదే యునైటెడ్, అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లలో, 2024 జనవరిలో సౌత్‌వెస్ట్‌లో ఇంకా పెద్ద అంకెలతో ఒప్పందాలు కుదిరాయి. పక్క కంపెనీ వాళ్లకు ఎక్కువ ఇస్తే మాకూ ఆ మేరకు పెంచాలన్న షరతును కూడా డెల్టా పైలట్లు ముందే రాయించుకున్నారు. ఒకరి ఒప్పందం మరొకరికి మెట్టు అయింది.

ఈ 34 శాతాన్ని విడిగా చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ అదే డెల్టా పైలట్లు 2004లో కంపెనీ మునిగిపోతోందంటే 32.5 శాతం జీతం కోతకు ఒప్పుకున్నారు. మరుసటేడు కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తర్వాత మరో కోత పడింది. పెన్షన్ పథకమే రద్దయింది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాతి కాలంలో యునైటెడ్, యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్ల పెన్షన్లు కూడా అలాగే పోయాయి. ముప్పై ఏళ్లు నడిపినవాళ్లు రిటైరయ్యే ముందు లెక్కలన్నీ తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఆ పాఠం ఇప్పటి ఒప్పందాల్లో ప్రతి పేజీలో ఉంది. కంపెనీ కష్టంలో ఉన్నప్పుడు మేం మోశాం, బాగున్నప్పుడు మా వాటా మాకు రావాలి అన్న వాదన అక్కడిదే.

టైమింగ్ కూడా కలిసొచ్చింది. 2020లో కోవిడ్ దెబ్బకు కంపెనీలు వేలమంది సీనియర్ పైలట్లను ముందే రిటైర్ చేయించి ఇంటికి పంపాయి. రెండేళ్లలో ప్రయాణికులు తిరిగి వచ్చారు, పైలట్లు తిరిగి రాలేదు. అమెరికాలో 65 ఏళ్లకు రిటైర్‌మెంట్ తప్పనిసరి. కొత్తవాళ్లను తీసుకోవాలంటే మామూలుగా 1,500 గంటల అనుభవం కావాలి. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయాక తెచ్చిన నిబంధన అది. ఆ ప్రమాదం దర్యాప్తులో పైలట్ల అలసట, వాళ్ల తక్కువ జీతాలు, దూరపు ఊళ్ల నుంచి డ్యూటీకి వచ్చి సిబ్బంది గదిలో కునుకు తీయడం అన్నీ బయటపడ్డాయి. ఆ తర్వాతే అక్కడ విశ్రాంతి నిబంధనలను మొదటి నుంచి తిరగరాశారు.

వెళ్లిపోలేనివాళ్లు, వెళ్లిపోయేవాళ్లు

అమెరికా పైలట్లు ఒప్పందం కోసం అంత పట్టుబట్టడానికి సీనియారిటీ పెద్ద కారణం. అక్కడ కంపెనీలో చేరిన తేదీయే అన్నిటికీ మూలం. ఏ విమానం నడపాలి, ఎప్పుడు కెప్టెన్ అవ్వాలి, ఏ ఊళ్లో ఉండాలి, క్రిస్మస్‌కు సెలవు దొరుకుతుందా లేదా, అన్నీ ఆ వరస సంఖ్యను బట్టే. ఇరవై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్ వేరే ఎయిర్‌లైన్‌కు మారితే జూనియర్ల వెనక, ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) జీతంతో మళ్లీ మొదలుపెట్టాలి. కాబట్టి నచ్చకపోతే మానేసి పొమ్మనడం కుదరని మాట. ఉన్నచోటే బాగు చేసుకోవాలి. అందుకు ఉన్న సాధనం ఒప్పందం.

మన దగ్గర దీనికి తిరగేసిన పరిస్థితి. అనుభవమున్న కెప్టెన్‌కు ఇంకో కంపెనీయో గల్ఫ్ ఎయిర్‌లైనో ఎప్పుడూ తలుపు తెరిచే ఉంచుతుంది. కరీంనగర్, జగిత్యాల నుంచి తాపీమేస్త్రీ ఎక్కిన విమానంలోనే కొన్నిసార్లు మన కెప్టెన్ కూడా దుబాయ్ కంపెనీలో చేరడానికి వెళ్తుంటాడు. ఇద్దరి సంపాదనలో పోలిక లేదు గానీ, ఇక్కడ మాట చెల్లనప్పుడు ఊరు దాటడమే దారి అన్న ఆలోచన ఇద్దరిదీ ఒకటే. కంపెనీలు దానికి ఒప్పందాలతో బదులివ్వలేదు, తాళాలతో బదులిచ్చాయి. 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, కెప్టెన్ ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు, ఫస్ట్ ఆఫీసర్ అయితే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలని నిబంధన తెచ్చింది. 2023లో ఆకాశ ఎయిర్‌లో 40 మందికి పైగా పైలట్లు నోటీసు కాలం పూర్తి చేయకుండా వెళ్లిపోతే కంపెనీ కోర్టుకెక్కింది.

కొత్తగా చేరే కుర్ర పైలట్ కథ ఇంకోలా ఉంటుంది. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. ఆ తర్వాత ఒక రకం విమానానికి ప్రత్యేకంగా టైప్ రేటింగ్ చేయాలి. అంతా కలిపి కోటి రూపాయల దాకా అవుతుంది. హన్మకొండలోనో నిజామాబాద్‌లోనో ఒక ఇల్లు తాకట్టు పెట్టో, పొలం అమ్మో పిల్లవాణ్ని పైలట్ చేసిన కుటుంబానికి మొదటి పదేళ్ల జీతంలో చాలా భాగం అప్పుకే పోతుంది. ఆ అప్పున్న కుర్రాడు రోస్టర్ అన్యాయంగా ఉందని గొంతెత్తడం కష్టం. అలసిపోయాను, ఈ రోజు ఎగరలేను అని చెప్పడం ఇంకా కష్టం. నిజానికి ఆ ఒక్క మాట భయం లేకుండా చెప్పగలిగే పరిస్థితి ఉండటం వెనక సీట్లలో కూర్చున్న 180 మందికి అవసరం.

మన దేశంలో సంఘం పెట్టుకునే ప్రయత్నాలు జరగలేదని కాదు. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ పెట్టుకుంటే ఇద్దరిని ఉద్యోగం నుంచి తీసేశారు. మిగతావాళ్లు సెప్టెంబర్‌లో మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టారు. ఐదు రోజులు విమానాలు నిలిచాక రాజీ కుదిరింది. ప్రభుత్వరంగంలో ఉన్నప్పుడు ఎయిర్ ఇండియాలో సంఘాలకు పాత బలం ఉండేది. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఎయిర్ ఇండియాలో కలిపాక రెండు వైపులా జీతాల తేడా అలాగే ఉండిపోయింది. 2011లో సమాన జీతం కోసం ఒక వైపు పైలట్లు పది రోజులు సమ్మె చేశారు. 2012లో కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న గొడవతో రెండో వైపు పైలట్లు 58 రోజులు చేశారు. రెండు సంఘాలూ ఒకరి మీద ఒకరు పోరాడినట్టయింది. విలీనానికి ముందు ఉమ్మడి సీనియారిటీ జాబితా, ఉమ్మడి జీతాల పట్టిక ఒప్పందంగా రాసి ఉంటే ఆ రెండు సమ్మెలకూ మూలమే ఉండేది కాదు. ఇది ఇప్పుడు వెనక్కి తిరిగి చూసి చెప్పే తెలివి అనిపించవచ్చు. కానీ అప్పుడు కూడా కళ్ల ముందే ఉన్న లెక్క అది.

జీతమే రాని రోజులు కూడా చూశారు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయే ముందు నెలల తరబడి జీతాలు బాకీపడ్డాయి.

ఇక్కడ సింగరేణితో పోలిస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సింగరేణిలో 1998 నుంచి రహస్య ఓటింగ్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. 2023 డిసెంబర్‌లో జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. ఏ సంఘం మంచిది అన్నది కార్మికులు తేల్చుకుంటారు. యాజమాన్యం ఎవరితో మాట్లాడాలన్నది మాత్రం ఓటుతో తేలిపోయింది. ప్రైవేటు ఎయిర్‌లైన్స్‌లో ఆ మొదటి మెట్టే లేదు. పైలట్ల సంఘాలు ఉన్నాయి, ప్రకటనలు ఇస్తాయి, కోర్టుకు వెళ్తాయి. కంపెనీ ఎదురుగా కూర్చుని ఒప్పందం మీద సంతకం చేసే హోదా వాటికి లేదు. కెప్టెన్ అసలు కార్మికుడా, మేనేజర్ లాంటివాడా అన్న ప్రశ్న కూడా కోర్టుల్లో నలుగుతూనే ఉంది.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఒక దారి తెరిచి ఇంకో దారి మూసింది. 51 శాతం మంది కార్మికుల మద్దతున్న సంఘం ఉంటే యాజమాన్యం దానితోనే మాట్లాడాలని చెప్పింది. అదే సమయంలో ఒకే రోజు సగం మంది, ఆ పైన మూకుమ్మడిగా క్యాజువల్ లీవ్ పెడితే దాన్నీ సమ్మెగానే లెక్కిస్తామంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి. మాట్లాడే బల్ల లేనిచోట సెలవు చీటీ మీద నడిచిన పోరాటం ఇక అలా నడవడం కష్టం. మరి బల్ల వస్తుందా అన్నది పైలట్లను ఆ కోడ్ కింద కార్మికులుగా గుర్తించడం మీద ఆధారపడి ఉంది.

డిసెంబర్‌లో ఏం జరిగింది

ఒప్పందంలో ఉండాల్సిన విశ్రాంతి గంటలు మన దగ్గర ప్రభుత్వ నిబంధనల్లోకి చేరాయి. ఎఫ్‌డీటీఎల్, అంటే ఎగిరే గంటలకు, డ్యూటీ గంటలకు పరిమితులు అని పిలిచే ఆ నిబంధనలను డీజీసీఏ 2024 జనవరిలో మార్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి అంటే ఇంతకుముందు 12 నుంచి 5 దాకా, ఇప్పుడు 12 నుంచి 6 దాకా. రాత్రి డ్యూటీలో ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. 2024 జూన్ నుంచే అమలు కావాల్సింది, ఎయిర్‌లైన్స్ అభ్యంతరాలతో వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. చివరికి 2025 జులై 1న కొన్ని, నవంబర్ 1న మిగతావి అమల్లోకి వచ్చాయి.

రెండేళ్లకు దగ్గరగా సమయం దొరికింది. అయినా దేశంలో అన్నిటికన్నా పెద్ద ఎయిర్‌లైన్ ఇండిగో కొత్త లెక్కకు సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోలేదు. డిసెంబర్ మొదటి వారంలో రోస్టర్ కుప్పకూలింది. 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. డీజీసీఏ అదే రోజు, రాత్రి డ్యూటీ నిబంధనల్లో కొన్నిటి నుంచి ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. సెలవును వారపు విశ్రాంతిగా లెక్కగట్టకూడదన్న ఆదేశాన్ని అందరికీ వెనక్కి తీసుకుంది. టికెట్ల ధరలు ఆకాశానికి ఎగబాకితే కేంద్రం 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు అంటూ గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది.

ఈ మినహాయింపు గురించి సూటిగా చెప్పుకోవాలి. విశ్రాంతి నిబంధన పెట్టింది ప్రాణాల భద్రత కోసం. కంపెనీ సిద్ధం కాకపోతే సడలింది ఆ భద్రతే. పైలట్లు ఏళ్ల తరబడి కోర్టులో నిలబడి సాధించుకున్న గంటలు వాళ్లతో ఒక్క మాట మాట్లాడకుండా ఒక ఆదేశంతో తగ్గిపోయాయి. అవే గంటలు సంతకాలున్న ఒప్పందంలో ఉండి ఉంటే కంపెనీ ముందు పైలట్లను అడగాలి, బదులుగా ఏదో ఇవ్వాలి. ప్రయాణికుల ఇబ్బంది నిజమే. రద్దయిన ముంబై విమానం వెనక గల్ఫ్‌కు పోయే ఇంకో విమానం, దాని వెనక వీసా గడువు ఉన్న మనుషులకు ఆ రెండు మూడు రోజులు నరకం. అందుకే షెడ్యూలు ముందే అమ్మి, నడిపేవాళ్లను లెక్కలో మర్చిపోయిన కంపెనీనే ముందు అడగాలి.

అమెరికాలో కూడా ఇలాంటిదే జరిగింది. 2022 డిసెంబర్‌లో మంచు తుఫానుకు సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ సిబ్బంది షెడ్యూలింగ్ వ్యవస్థ చేతులెత్తేసి 16 వేలకు పైగా విమానాలు రద్దయ్యాయి. ఆ వ్యవస్థ పాతబడిందని అక్కడి పైలట్ల సంఘం అంతకుముందు నుంచే చెబుతూ వచ్చింది. ఆ తర్వాత జరిగిన బేరంలో జీతం పెంపుతో పాటు షెడ్యూలింగ్ కూడా ప్రధాన అంశమైంది. దెబ్బ తిన్నాక మాట్లాడుకోవడానికి వాళ్లకు ఒక చోటు ఉంది.

ఒప్పందాల్లో ఇంకో అంశం మన ప్రాంతానికి బాగా తెలిసినది. కంపెనీ తన సొంత పైలట్లను పక్కనపెట్టి చిన్న కంపెనీలతో ఎన్ని విమానాలు నడిపించుకోవచ్చో అమెరికా ఒప్పందాల్లో పరిమితి రాసుకుంటారు. ఇక్కడ అద్దె బస్సుల లెక్క అది. 2019 అక్టోబర్ 5న మొదలై 52 రోజులు నడిచిన ఆర్టీసీ సమ్మె మధ్యలో ప్రభుత్వం 5,100 రూట్లను ప్రైవేటుకు ఇస్తామన్నప్పుడు సుమారు 48 వేల మందికి కలిగిన భయం ఏమిటో వరంగల్, కరీంనగర్ డిపోల ముందు నిలబడ్డవాళ్లకు గుర్తుంటుంది. మన ఎయిర్‌లైన్స్ విదేశీ విమానాలను వాళ్ల పైలట్లతో సహా అద్దెకు తెచ్చుకుంటున్నప్పుడు ఇక్కడి పైలట్ల ఆందోళన కూడా అదే. తేడా ఏమిటంటే, ఎన్ని తేవచ్చన్నది మాట్లాడే పేజీ వాళ్ల దగ్గర లేదు.

మామునూరు నుంచి తొలి విమానం

వరంగల్ దగ్గర నిజాం కాలం నాటి మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పచ్చజెండా ఊపింది. ఎ-320 తరహా విమానాలు దిగేలా రన్‌వే పెంచాలన్నది ఆలోచన. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు ఉండకూడదన్న షరతు అడ్డు తొలగింది. ఆదిలాబాద్ పేరు కూడా వినిపిస్తోంది. వరంగల్ వాళ్లు కోరుకునేది పొద్దున్నే బయల్దేరి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరే విమానం. వ్యాపారులకు, ఆసుపత్రికి పోయేవాళ్లకు, ఐటీ వాళ్లకు అదే పనికొస్తుంది.

పొద్దున్నే బయల్దేరాలంటే విమానం ముందు రోజు రాత్రి ఇక్కడే ఆగాలి. పల్లెల్లో నైట్ హాల్ట్ బస్సు ఆగినట్టే. డ్రైవర్, కండక్టర్ బస్సులోనో పంచాయతీ ఆఫీసులోనో పడుకుని తెల్లారి మొదటి ట్రిప్పు తీసినట్టు, పైలట్లు హన్మకొండలో హోటల్లో పడుకుని మామునూరుకు రావాలి. 6 గంటల 10 నిమిషాలకు విమానం అంటే 5 గంటల 10 నిమిషాలకు రిపోర్టింగ్. పాత నిబంధనలో అది పగటి డ్యూటీ. 5 దాటింది కాబట్టి మూడు, నాలుగు ల్యాండింగ్‌లు చేయించవచ్చు. కొత్త నిబంధనలో 6 దాకా రాత్రే. ఆ నిబంధన ఉన్నదున్నట్టు అమలైతే ఆ పైలట్లకు రెండే ల్యాండింగ్‌లు. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఒకటి, అక్కడి నుంచి బెంగళూరుకు ఒకటి, అంతటితో ఆ రోజు పని అయిపోతుంది. చిన్న ఊళ్ల మధ్య చిన్న ప్రయాణాల్లో పైలట్‌కు ల్యాండింగ్‌లు ఎక్కువ, జీతం లెక్కలోకి వచ్చే గంటలు తక్కువ. కంపెనీకి ఆ రోస్టర్ ఖరీదైనది.

అప్పుడు కంపెనీ ముందు కొన్ని దారులుంటాయి. విమానాన్ని 7 గంటల తర్వాతకు జరపవచ్చు. వరంగల్ రూటుకు ఇంకో జత పైలట్లను పెట్టుకోవచ్చు. ల్యాండింగ్‌కు ఇంత అని అలవెన్స్ ఇచ్చి, నైట్ హాల్ట్ తర్వాత అదనపు విశ్రాంతి రాసిచ్చి పైలట్లతో ఒప్పందం చేసుకోవచ్చు. అవేవీ చేయకుండా ఆ 5 నుంచి 6 మధ్య గంటను మళ్లీ పగలుగా మార్చమని ఢిల్లీలో అడగవచ్చు కూడా.